ముందు రాయి, తర్వాత చూడు

ఆన్‌లైన్ క్లాసు చర్చలో మొదటి జవాబు పడగానే మిగతా వాళ్ల పని తీరిపోతుంది. ‘నేనూ అదే అనుకుంటున్నాను సార్’ అని ఒకరు, ‘బాగా చెప్పారు’ అని ఇంకొకరు. కాస్త ఓపికున్న వాళ్లు అవే మాటలు అటూ ఇటూ మార్చి పెడతారు. ఏఐ వచ్చాక ఆ ఓపిక కూడా అక్కర్లేదు. దీనికి పిల్లల్ని తిట్టడం తేలికే గానీ, నా దృష్టిలో తప్పు ప్రశ్నది. ‘కొల్లేరు ప్రాముఖ్యతను చర్చించండి’ అంటే అరవై మందీ ఒకటే రాయక ఏం చేస్తారు? రెండు డెల్టాల నడుమ మంచినీటి సరస్సు, 2002లో రామ్‌సర్ గుర్తింపు, ఆటపాకలో పెలికాన్లు. ఇందులో చర్చకు ఏముంది గనక!

అదే కొల్లేరు మీద అసలు ప్రశ్న వేరే ఉంది. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే గీత) దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2006లో దాని లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. మరి హద్దు ఎక్కడుండాలి, అలా పెడితే నష్టపోయేవాళ్లకు ఏం చెబుతావు? చెరువు మీదే బతికే లంక గ్రామం అమ్మాయి రాసేది ఒకటి, కొల్లేరులో కలిసే తమ్మిలేరు వరద సంగతి ఇంట్లో విన్న ఏలూరు కుర్రాడు రాసేది మరొకటి. తాడేపల్లిగూడెం నిట్‌లో చదివే వేరే రాష్ట్రం విద్యార్థికి ఈ గొడవే కొత్త. నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు సంగతి వదిలేసి కాంటూరు గురించే ఎందుకు కొట్టుకుంటున్నారని అడిగేది బహుశా అతనే. అయితే ఈ తేడాలు బయటపడాలంటే ఎవరి జవాబు వాళ్లు రాసేదాకా పక్కవాళ్లది కనబడకూడదు. ఆన్‌లైన్ క్లాసులకు వాడే మూడుల్ (Moodle) సాఫ్ట్‌వేర్‌లో ఆ ఏర్పాటు ఉంది. వాట్సాప్ గ్రూపుతో నెట్టుకొచ్చే మాస్టారైతే జవాబులు విడిగా తెప్పించుకుని అన్నీ ఒక్కసారే గ్రూపులో పెట్టవచ్చు.

విషయం తెలియనివాడి అభిప్రాయం ఎవరికి కావాలి అంటారు కొందరు. నిజమే, అందుకే వివరాలు ముందు చేతికివ్వాలి. కానీ అన్నీ తెలిశాకే ఆలోచించాలంటే 2020 డిసెంబరు నాటి ఏలూరు వింత జబ్బు గుర్తు చేసుకోండి. ఆరువందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. సీసం దొరికింది కాబట్టి సీసమే కారణమా, అది తేలాలంటే ఇంకే పరీక్షలు కావాలి? కెమిస్ట్రీ క్లాసులో ఈ ప్రశ్న వేస్తే అభిప్రాయం ఒక్కటే సరిపోదు, చదివిన పాఠం కూడా బయటికి తియ్యాలి.

సిలబస్ ఎప్పుడవుతుందన్న బెంగ న్యాయమైనదే. యూనిట్‌కు ఇలాంటిది ఒక్కటి చాలు. ఎన్ని పోస్టులు పెడితే అన్ని మార్కులన్న లెక్క మాత్రం ఎత్తేయాలి. తెలుగులో రాస్తామన్న వాళ్లను రాయనివ్వాలి. ఇంగ్లిష్‌లోనే రాయమంటే సగంమంది చెప్పదలుచుకున్నది పక్కన పెట్టి, తప్పుల్లేని వాక్యం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటారు.