ఘ్రాణవిద్య

కాగుచున్న వెన్న ఏ క్షణమున నెయ్యి యగునో చెప్పగల గడియారము మా గోదావరి సీమ వంటయిండ్లలో ఏనాడును లేదు. నురుగు విరిగి, అడుగున మడ్డి ఎఱ్ఱబడి, మునగాకు రెమ్మ వేయగనే గుప్పున లేచు కమ్మని వాసనను బట్టి గిన్నె దింపుట మా ఇల్లాండ్రు తల్లులవద్ద నేర్చిన విద్య. ఆత్రేయపురమున పూతరేకులకు నేయి ఎంచువారును, కడియపులంక పూలసంతలో మరువమును దవనమును ఏరుకొనువారును కన్నుకంటె ముక్కునే నమ్ముదురు. దీనినొక విద్యగా ఎవరును గణింపకపోవుట నన్ను చిరకాలముగా బాధించుచున్నది.

మా పెద్దమ్మ ఇందులో ఆరితేరినది. అట్టి ఆమె చేతిలో నెయ్యి మాడసాగినప్పుడు చుట్టములు వయసుపై నెపము మోపిరి. "ఏదో వాసనొస్తోందిరా అబ్బాయ్, అదేంటో పోల్చుకోలేకపోతున్నా" అని ఆమె యనుచుండెడిది. మనుమల పేర్లు తడబడుట ఆ తరువాతి మాట.

ఆమె పలుకులో వైద్యులెఱిగిన సత్యమొకటి యున్నది. తక్కిన ఇంద్రియముల సంకేతములు థాలమస్ మీదుగా మెదడు పైపొరను చేరుచుండగా, వాసన మాత్రము ఘ్రాణకందమునుండి నేరుగా ఎంటోరైనల్ ప్రాంతమును చేరగలదు. జ్ఞాపకములను పదిలపఱచు హిప్పోకాంపస్‌కు ముఖద్వారము అదియే. ఆల్జైమర్ వ్యాధిలో టౌ అను ప్రోటీను చిక్కులు మెదడు పైపొరలో మొదట ఆ పరిసరముననే తలయెత్తునని హైకో బ్రాక్, ఈవా బ్రాక్ దంపతులు 1991లో వివరించిరి. కావుననే పెక్కుమందిలో, మతిమఱపు బయటపడుటకు మునుపే, వాసన తగిలియు అది దేనిదో తెలియని స్థితి యేర్పడును. జలుబు, కోవిడ్, పొగాకు, వార్ధక్యము సైతము ఘ్రాణశక్తిని హరించును గనుక ఇదొక్కటే వ్యాధినిర్ణయము కాజాలదు. అయినను, కారణము తోపక ముక్కు మొద్దుబాఱిన పెద్దలను నరముల వైద్యునికి చూపుట మన విధి.

దేశమున 60 దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి ఆల్జైమర్ వంటి మతిమఱపు రోగము, అనగా డిమెన్షియా, కలదని 2023లో వెలువడిన అధ్యయనపు అంచనా. ఇట్లు ముక్కు మొద్దుబాఱుటను కొలుచు ఘ్రాణపరీక్షలలో ప్రసిద్ధమైనది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున రిచర్డ్ డోటీ 1984లో ప్రకటించిన నలువది వాసనల పరీక్ష. అందు జింజర్‌బ్రెడ్, రూట్ బీర్, లైలాక్ వంటివి గలవు. పుట్టి బుద్ధెఱిగిన పిదప వానిని ఎన్నడును ఆఘ్రాణింపని మా పెద్దమ్మ పోల్చలేకపోయినచో అది రోగమగునా? కాకినాడ రంగరాయ వైద్యకళాశాల వంటి చోట్ల పనిచేయు విజ్ఞులు ఇంగువ, ఆవపిండి, మాగిన పనసతొన, మరువము, తాటిబెల్లము, కాగిన నెయ్యి చేర్చి, ఈ డెల్టా ముదుసళ్లపై సరిచూచి, మన పరీక్ష నొకదానిని కూర్పవలెనని నా ప్రార్థన.