జాబితాలోంచి లేచిన ఇల్లు: రెంబ్రాంట్ గృహ మ్యూజియం

విద్యార్థులారా! కళాకారుడి ఇల్లు మ్యూజియంగా మారినప్పుడు, అక్కడ మనం చూస్తున్నది ఆయన బతికిన ఇంటినా, తర్వాతివారు తిరిగి కూర్చిన ఇంటినా? ఆంస్టర్‌డామ్‌లోని రెంబ్రాంట్ ఇంటిని ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1639లో ఈ ఇంటిని 13,000 గిల్డర్లకు కొన్నాడు. ఆ బాకీ పూర్తిగా తీర్చలేక, 1656లో దివాలా తీశాడు. అప్పుడు అధికారులు గదిగదికీ తిరిగి, ఉన్న వస్తువులను 363 పద్దులుగా రాసుకున్నారు. సామాన్లు వేలానికి పోయాయి. 1658లో ఇల్లూ చేజారింది. 1911లో అది మ్యూజియం అయింది. గత శతాబ్ది చివర, ఆ జాబితా ఆధారంగానే గదులను తిరిగి అమర్చారు. కాబట్టి అక్కడి మంచాలు, కుర్చీలు చూసి ‘ఇవి ఆయన వాడినవి’ అనుకోకూడదు.

అయితే ఇది మోసమా? కాదు. శిథిలమైన తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడి పనిలాంటిదే ఇది. ఊహ ఉంది, దానికి ఆధారమూ ఉంది. కాని ఒక జాగ్రత్త అవసరం. ఆ జాబితా అప్పుల లెక్క కోసం రాసినది. వస్తువు ఉందని అది చెబుతుంది. కళాకారుడు దాన్ని ఎలా చూశాడో చెప్పదు.

ఒక గవ్వ సంగతి చూడండి. జాబితాలో గవ్వలున్నాయి. 1650లో, ఈ ఇంట్లో ఉన్న కాలంలోనే, రెంబ్రాంట్ ఒక గవ్వను ఎచింగ్‌గా చేశాడు. రాగిరేకు మీద గీసినది కాగితంపై అచ్చులో కుడిఎడమలు తారుమారవుతుంది. అది తెలిసిన ఆయన సంతకాన్ని తిరగేసి చెక్కాడు. గవ్వ చుట్టును మాత్రం కంటికి కనిపించినట్టే గీశాడు. అందువల్ల అచ్చులో అది అసలుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. దీన్ని పొరపాటు అనవచ్చు. ఎదుట ఉన్న గవ్వలో ఆయన చూపు ఎంతగా లీనమైందో తెలిపే సాక్ష్యమని నేనంటాను. ఆ చూపు ఏ పద్దులోనూ చేరలేదు.

రెంబ్రాంట్ ఎచింగ్‌లు దాదాపు అన్నీ ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. అందుచేత గదుల అలంకరణ దగ్గరే ఆగిపోతే సందర్శన సగమే అవుతుంది. ఇల్లు కృతికి పీఠిక మాత్రమే. పీఠిక చదివి పుస్తకం మూసేయకూడదు కదా!

అభ్యాసం: మీ ప్రాంతంలో రచయిత లేదా కళాకారుడి ఇల్లు ఉంటే చూసి రండి. అక్కడ అసలైనది ఏది? తిరిగి కూర్చినది ఏది, ఏ ఆధారంతో? అది ఆయన కృతిని మీకు ఏ మేరకు తెరిచి చూపింది? ఒక పుటకు మించకుండా రాయండి.