మందలో పుట్టే జ్వరం

మా కళ్యాణదుర్గం వైపు గొర్రె ఈసుకుపోతే దాన్ని రోగమని ఎవరూ అనుకోరు. చచ్చిన పిల్లను గట్టవతల పారేస్తారు, మాయను కుక్కలు లాక్కుపోతాయి. కాపరి చేతులు మట్టితో రుద్ది కడుక్కొని సంగటికి కూర్చుంటాడు. వానల్లేక శెనక్కాయ పోయిన ఏడు ఇల్లు నిలబెట్టేది ఆ మందే. ఆ జీవాల మీదా, వాటి వెంట తిరిగే మనుషుల మీదా ఉన్న ప్రేమతోనే ఈ మాట రాస్తున్నాను.

బ్రూసెల్లోసిస్ అనే రోగం వస్తే చూడి గొర్రె నెలలు నిండకముందే ఈసుకుపోతుంది. ఆ పిల్లలో, మాయలో, ఉమ్మనీటిలో క్రిములు కోట్లకొద్దీ ఉంటాయి. తర్వాత పాలల్లోకీ దిగుతాయి. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులను పీడించిన జ్వరానికీ ఈ క్రిమే కారణమని సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ 1887లో పట్టుకున్నాడు. అది మేకల్లో ఉందని మాల్టా వైద్యుడు జమిట్ 1905లో తేల్చాడు. మరుసటి ఏడు సైనికులకు మేకపాలు ఆపేస్తే జ్వరాలు అమాంతం తగ్గాయి.

ఒక పొంగు వచ్చేదాకా కాస్తే ఆ క్రిమి చస్తుంది. ఆవుపాలు, ఎనుముపాలు మనం కాచే తాగుతాం. మేకపాల దగ్గరే పట్టు సడలుతుంది. బలమనీ, దగ్గుకు మంచిదనీ పిల్లలకు పచ్చిగానే పట్టిస్తారు.

ఈ రోగాన్ని అరికట్టేందుకు 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు, ఎనుము పెయ్యలకు టీకా వేస్తున్నారు. మంచి పనే. కానీ మనిషికి అన్నిటికన్నా గట్టిగా సోకే రకం గొర్రెల్లో, మేకల్లో ఉంటుంది. మాది గొర్రెల జిల్లా! కాబట్టి ఈనే గొర్రెకు చెయ్యి సాయం చేసే కాపరికి చేతి తొడుగులు ఇవ్వాలి. ఈసుకుపోయిన పిల్లను సున్నం చల్లి లోతుగా పూడ్పించాలి, పశువుల డాక్టరుకు కబురు పంపాలి.

మనిషికి సోకితే ఈ జ్వరం సాయంత్రానికి ఎక్కుతుంది, రాత్రి చొక్కా తడిసేలా చెమట పోస్తుంది. నడుమూ కీళ్లూ పీకేస్తాయి. టైఫాయిడ్ అనుకొని మందులు వాడుతూ వారాలు గడుస్తాయి. "జీవాలున్నాయా? ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా?" అని డాక్టరు అడిగితే సరైన రక్తపరీక్షకు దారి దొరుకుతుంది. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి 6 వారాలు వాడాలి. జ్వరం ముందే దిగుతుంది, కాపరి మాత్రలు గూట్లో పెట్టి మంద వెంట వెళ్లిపోతాడు, కొన్నాళ్లకు జ్వరం తిరగబెడుతుంది. ఆ మిగిలిన వారాలు ఆరోగ్య కార్యకర్త అతన్ని వెతకాల్సింది ఇంటి దగ్గర కాదు, మంద దిగిన పొలంలో.