నాట్ల కాలంలో ఎములాడ

వేములవాడకు ఎప్పుడు పోవాలంటే ఎక్కువ మంది చెప్పేది శివరాత్రికి, కార్తీకానికి, లేకుంటే మేడారం జాతరకు ముందటి వారాల్లో. సమ్మక్క–సారలమ్మల దగ్గరికి పోయే ముందు ఇక్కడి శివుడైన రాజన్నను దర్శించుకోవడం ఉత్తర తెలంగాణలో ఆనవాయితీ. అందుకే జాతర వచ్చే ఏడు కరీంనగర్ నుంచి వేములవాడ దాకా బండ్లు బారులు తీరుతాయి. నేను చెప్పేది దానికి ఎదురుమాట. ఇక్కడి మొక్కులన్నీ ఒళ్లొంచి, నిదానంగా, ఒకదాని వెంట ఒకటిగా చేసేవి. అవి సాంతం సాగేది, చూసేవాళ్లకు అంతు చిక్కేది జనం పల్చబడిన రోజుల్లోనే. ముఖ్యంగా ఆషాఢంలో, పల్లెలన్నీ నాట్ల మీదున్నప్పుడు.

ఆ వరుస ఎట్లా ఉంటుందో చూద్దాం. తలనీలాలిచ్చి గుడి కోనేరైన ధర్మగుండంలో మునగడంతో మొదలు. నీళ్ల నడుమ ధ్యానంలో కూర్చున్న శివుడి విగ్రహం, చుట్టూ మెట్లు. తడిబట్టలతోనే దర్శనం. గండాలు గట్టెక్కాలని గండదీపంలో నూనె పోస్తారు. అన్నిటికన్నా పేరున్నది కోడె మొక్కు. టికెట్ తీసుకుని, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. వినడానికి చిన్న పనే, చేయడానికి నేర్పు కావాలి. పలుపును చేతికి చుట్టుకోకూడదు. కోడె ఒక్కసారి గుంజితే మణికట్టు పోతుంది. కాస్త వదులిచ్చి, మెడ పక్కన నడవాలి. అది ఆగితే మనమూ ఆగాలి. పశువుల కొట్టం ఉన్న ఇంటి మనిషికి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. బస్తీలో పెరిగిన కొడుకు వెనక నుంచి తోయబోతే తండ్రి వారించేది ఇక్కడే. రద్దీ రోజున ఈ పాఠానికి చోటుండదు. ముందొక కోడె, వెనకొక కోడె, నడుమ చంకలో పిల్లలు. పలుపు ముట్టుకున్నామనిపించుకుని బయటపడటమే ఎక్కువ. మొక్కు తీరలేదని కాదు, తీర్చే తీరు అక్కడ కరువవుతుంది.

ఇంకో సంగతి, ఇది ఒక్కరోజు యాత్ర కాదు. సోమవారం రాజన్నకు కోడె కట్టి, రాత్రి ఊళ్లోనే నిద్రచేసి, మంగళవారం బద్ది పోచమ్మకు బోనం తీయడం పాత పద్ధతి. శివుడి గుడికీ గ్రామదేవత గడపకూ నడుమ ఆ ఒక్క రాత్రే వంతెన. గుడి ఆవరణలోనే దర్గా కూడా ఉంది. పొద్దున వచ్చి మధ్యాహ్నం తిరిగిపోయే వాళ్లకు ఈ అల్లిక కనపడదు. తీరిక ఉంటే పదో శతాబ్దపు ఊరు కూడా బయటపడుతుంది. వేములవాడ చాళుక్యుల రాజధాని ఇదే. రెండో అరికేసరి కొలువులో పంపకవి కన్నడంలో భారతం రాశాడు. పంపకవి తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల బొమ్మలగుట్ట మీద తెలుగు కందపద్యాలు చెక్కించాడు. భీమేశ్వరాలయం ముందు నిలబడి ఇదంతా తలుచుకోవాలంటే వెనక నుంచి ఎవరూ తోయకుండా ఉండాలి కదా!

ఇట్లా తీరిగ్గా ఉండిపోయే యాత్ర అంటే జపాన్ కొండల్లోని వేడినీటి ఊటల ఊళ్లు గుర్తుకొస్తాయి. పొలం పని లేని రోజుల్లో అక్కడి రైతులు బియ్యం మూట కట్టుకుని అలాంటి ఊరికి పోయి, స్వయంగా వండుకుంటూ, రోజూ స్నానాలు చేస్తూ వారాల తరబడి ఉండేవారు. అలాంటి ఊరైన కుసాత్సులో ఊటనీరు 50 డిగ్రీలు దాటి కాగుతుంది. చన్నీళ్లు కలిపితే మందుగుణం పలుచనవుతుందని, పొడుగాటి పలకలతో, పాట పాడుతూ, నీటిని తిరగేసి చల్లార్చుతారు. ఓపికే అక్కడ పనిముట్టు. మన ధర్మగుండంలోవి చన్నీళ్లే. చర్మరోగాలు పోతాయన్న నమ్మకం తరాలుగా ఉన్నా, కుసాత్సు నీటి ఆమ్లగుణాన్ని కొలిచినట్టు దీన్ని కొలిచి చూపలేం. నేను ఆ మాట మీద ఆధారపడటం లేదు. గుండం విలువ మునకలో, ఆ తర్వాత తడిబట్టలతో నడిచే నడకలో ఉంది.

జనమే జాతర, గుంపులో కలిసిపోవడమే భక్తి అంటారు కొందరు. మేడారానికి ఆ మాట ఒప్పుకుంటాను. గద్దెల దగ్గర గుంపే పూజ. కోడె మొక్కు అట్లా కాదు. అందులో ఒక ఇల్లు, ఒక పశువు, ఒక దేవుడు. పైగా గుంపు భారం పశువు మీద కూడా పడుతుంది. భక్తులు వదిలిన కోడెలు తిప్పాపూర్‌లోని గుడి గోశాలకు చేరతాయి. 2025లో అక్కడ కోడెలు వరుసగా చనిపోయాయన్న వార్తలతో రాష్ట్రమంతా చర్చ జరిగింది. సేద్యంలో ట్రాక్టరు వచ్చాక దానమిచ్చిన కోడెకు పని లేకుండా పోయింది. కానుకలు మాత్రం ఆగలేదు. ఈ చిక్కు రోజు మార్చుకుంటే విడిపోదు. కానీ ఖాళీగా ఉన్న రోజున వచ్చినవాడు కోడె ఎక్కణ్నుంచి వచ్చింది, ఎక్కడికి పోతుందని అడిగే అవకాశం ఉంది.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. నాట్లప్పుడు రైతు ఎట్లా వస్తాడు? రాలేడు. జపాన్ రైతులాగే, చేను ఖాళీ అయ్యాకే వస్తాడు. మనం సీజన్ అంటున్నది నిజానికి అతని తీరిక. అందుకే నా మాట నెలజీతం వాళ్లకు, హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చేవాళ్లకు. వాళ్లు ఆషాఢానికి జరిగితే మాఘమాసపు గుండంలో పల్లెవాళ్లకు కొంత చోటు మిగులుతుంది. జపాన్‌లో గింజాన్ అనే ఊటల ఊరు, మంచుకాలపు రద్దీ తట్టుకోలేక, 2025 మొదట్లో సాయంత్రం తర్వాత బయటివాళ్ల రాకకు హద్దులు పెట్టింది. రాజన్న దగ్గర అట్లా గేటు వేయలేరు, వేయకూడదు కూడా. చేయగలిగింది ఒకటుంది. నాట్ల నెలల్లో వసతి గదుల అద్దె తగ్గించి, సోమ, మంగళవారాలకు కలిపి ఇవ్వవచ్చు. నిద్రచేసిన కుటుంబం రెండుపూటలా ఊళ్లోనే తింటుంది, బోనానికి కుండ, పసుపు, వేపకొమ్మ ఇక్కడే కొంటుంది. బేరాల్లేక ఈగలు తోలుకునే ఆ రోజుల్లో కొబ్బరికాయల కొట్టువాళ్లు దీనికి అడ్డు చెప్తారనుకోను.