కాదనడమూ బట్టీ పట్టాల్సిందే

ఈ వారం ఈ కాలమ్‌కు చిరాకు తెప్పించింది ఒక పీడీఎఫ్. గల్ఫ్ విమాన సంస్థల్లో పైలట్ ఇంటర్వ్యూలకు తయారవుతున్న కుర్రాళ్ల మధ్య వాట్సాప్‌లో తిరుగుతోంది. నిండా ప్రశ్నలు, వాటి కింద జవాబులు. రన్‌వే తడిగా ఉంటే వీ1 (టేకాఫ్ ఆపాలా వద్దా అని తేల్చుకునే వేగం) ఎందుకు తగ్గుతుంది, పైకి వెళ్లేకొద్దీ స్టాల్ వేగానికీ గరిష్ఠ వేగానికీ మధ్య ఎడం ఎందుకు చిక్కిపోతుంది వగైరా. అంతవరకూ పేచీ లేదు. ఆఖరి పేజీల్లో ‘మీరు కెప్టెన్‌తో విభేదించిన సందర్భం ఒకటి చెప్పండి’ అన్న ప్రశ్న ఉంది. దానికీ కింద జవాబు అచ్చేసి ఉంది! ఎదురుగా ఉరుముల మేఘం, పక్కకు తప్పుకుందామన్న కో-పైలట్, ముందు ససేమిరా అన్న కెప్టెన్, చివరికి మెచ్చుకోలు. ఎవరికి జరిగిందో, అసలు జరిగిందో లేదో తెలియని ఆ కథను ఎంతమంది తమ అనుభవంగా ఒప్పజెప్పబోతున్నారో!

బట్టీ మీద ఈ కాలమ్‌కున్న కోపం పాత పాఠకులకు కొత్త కాదు. ఎంసెట్ బిట్ బ్యాంకుల మీద, రాత్రి పదింటిదాకా సాగే స్టడీ అవర్ల మీద ఇక్కడ పడిన అక్షింతలు వాళ్లకు గుర్తే. పిల్లలు ఆ చదువు చదివి, విమానం నడిపే స్థాయికి వెళ్లాక కూడా అదే పద్ధతిని మోసుకెళ్తున్నారంటే బాధగానే ఉంటుంది.

పీడీఎఫ్ చూపించింది కాలమిస్టుకు మేనల్లుడి వరసయ్యే కుర్రాడు. దేశీ సంస్థలో ఏ320 ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. బోయింగ్ 777లు నడిపే గల్ఫ్ సంస్థ ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది. కూకట్‌పల్లిలోని ఇంట్లో, బీరువా తలుపుకు 777 కాక్‌పిట్ పోస్టర్ నిలువెత్తున అంటించి, దాని ముందు డైనింగ్ టేబుల్ కుర్చీ వేసుకు కూర్చున్నాడు. కో-పైలట్ సీటు కుడివైపుది కాబట్టి పోస్టర్‌కు కుడి పక్కగా జరిగి మరీ కూర్చున్నాడు. ఎడమచేత్తో లేని థ్రస్ట్ లివర్లను ముందుకు తోశాడు. కుడిచేత్తో లేని కంట్రోల్ వీల్‌ను వెనక్కి లాగాడు. ‘పాజిటివ్ క్లైంబ్’ అని, నాలుక కరుచుకుని, మళ్లీ రన్‌వే మొదటికి వెళ్లాడు. విమానం పైకి లేస్తోందని చెప్పడానికి ఎయిర్‌బస్‌లో ‘పాజిటివ్ క్లైంబ్’ అంటారు, బోయింగ్‌లో ‘పాజిటివ్ రేట్’. రెండోసారి మాట సరిగ్గా వచ్చింది కానీ కుడి బొటనవేలు కదలడం మరిచిపోయింది. ఎయిర్‌బస్‌లో ట్రిమ్, అంటే ముక్కు పైకీ కిందికీ పోకుండా నిలిపే సర్దుబాటు, దానంతటదే జరుగుతుంది. 777లో వేగం మారినప్పుడల్లా వీల్ మీది స్విచ్చును బొటనవేలితో నొక్కి పైలటే సర్దుకోవాలి. మళ్లీ మొదటికి.

విదేశీ సంస్థల ఎంపికలో దశలు దాదాపు ఒకటే. ఆన్‌లైన్ దరఖాస్తు, ఆప్టిట్యూడ్, వ్యక్తిత్వ పరీక్షలు, గ్రూప్ ఎక్సర్‌సైజ్, సిమ్యులేటర్, ప్యానెల్ ఇంటర్వ్యూ, ఆపైన మెడికల్. లాగ్‌బుక్‌లో గంటల లెక్క అంకె అంకెకూ తేలాలి. అన్నీ గెలిచినా వెంటనే విమానమెక్కి వెళ్లిపోవడానికి లేదు. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం ఇక్కడి సంస్థకు కో-పైలట్ ఆరు నెలలు, కమాండర్ ఏడాది ముందు నోటీసివ్వాలి.

ఇంగ్లిష్ గురించిన భయం మనవాళ్లకు మరీ ఎక్కువ. విజయవాడలో పెరిగిన అనీ దివ్య ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరిన కొత్తలో తన ఇంగ్లిష్‌కు ఎగతాళి పాలయ్యానని స్వయంగా చెప్పారు. ఆ తర్వాత ఆమె ఎయిర్ ఇండియాలో బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. 2008 నుంచి అంతర్జాతీయ పైలట్లకు ఇంగ్లిష్‌లో కనీసం నాలుగో స్థాయి ఉండాలని నియమం. మొత్తం ఆరు స్థాయిలు. దాని వెనకున్న ప్రమాదాల్లో ఒకటి మన గడ్డ మీదిదే: 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గాలిలో ఢీకొని 349 మంది పోయారు. ఆ పరీక్షలో యాస ఒక్కటే చూడరు. ఎదుటివారి మాట అర్థమైందా, అర్థం కానప్పుడు మళ్లీ అడుగుతున్నారా అన్నదీ చూస్తారు. గుంటూరు యాసతో మాట్లాడే పైలట్‌కు దక్కే ఉద్యోగం, అర్థం కాకపోయినా తలూపే పైలట్‌కు దక్కదు.

అసలు తంటా కెప్టెన్ ప్రశ్న దగ్గరే.

అది ఎందుకు అడుగుతారో తెలియాలంటే మంగళూరు వెళ్లాలి. 2010 మే 22, పొద్దున ఆరు దాటింది. దుబాయ్ నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737లో 166 మంది. చాలామంది గల్ఫ్ నుంచి ఇంటికి వస్తున్నవాళ్లు. కెప్టెన్ విదేశీయుడు, 10 వేల గంటలకు పైగా అనుభవం. అంటే ఇప్పుడు మన కుర్రాళ్లు పరదేశానికి వెళ్లినట్టే, ఆయన మన దేశానికి ఉద్యోగానికి వచ్చారు. పక్కన మన దేశపు ఫస్ట్ ఆఫీసర్. దారిలో కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయినట్టు కాక్‌పిట్ రికార్డర్‌ను విని విచారణ కమిటీ తేల్చింది. లేచేసరికి విమానం ఉండాల్సినదానికన్నా చాలా ఎత్తులో ఉంది. మరీ ఏటవాలుగా దింపుతూ పోయారు. ఫస్ట్ ఆఫీసర్ ‘గో ఎరౌండ్’ (దిగకుండా మళ్లీ పైకి లేపండి) అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారీ అన్నాడు. హెచ్చరిక యంత్రమూ అరుస్తూనే ఉంది. 8 వేల అడుగుల రన్‌వే మీద చక్రాలు గట్టిగా ఆనేసరికి సుమారు 5,200 అడుగులు దాటిపోయింది. అది కొండను చదును చేసి కట్టిన రన్‌వే, అవతల లోయ. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు.

ఆ విచారణ కమిటీ నివేదికలో ఒక వాక్యం ఈ కాలమిస్టును ఏళ్లుగా వదల్లేదు. కో-పైలట్ తానే గో ఎరౌండ్ చేయవచ్చా లేదా అన్నదానిపై నిబంధనల్లో స్పష్టత లేకపోవడం వల్ల కాబోలు, అతను పదేపదే చెప్పాడే కానీ కంట్రోల్స్ అందుకోలేదు అని దాని సారాంశం. ఆ కో-పైలట్‌కు తెలివి తక్కువా? ప్రమాదాన్ని అందరికన్నా ముందు పసిగట్టాడు. ధైర్యం తక్కువా? మూడుసార్లు నోరు విప్పాడు. నాలుగో మెట్టు మీద ఏం చేయాలో చేతికి తెలియలేదు, అంతే. పెద్దవారి మాటకు అడ్డు రాకూడదని పెరిగిన మన ఇళ్ల పిల్లల్లో ఎంతమంది చేతులకు తెలుసు?

ఇది ఒక్క మన దేశపు జబ్బే అనుకుంటే పొరపాటు. 1978 డిసెంబర్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ డీసీ-8 కెప్టెన్ ల్యాండింగ్ గేర్ సమస్యలో మునిగిపోయి గంటసేపు చక్కర్లు కొట్టారు. ఇంధనం తరిగిపోతోందని పక్కవాళ్లు మెల్లగా అంటూనే ఉన్నారు. విమానం ఊరి మీద కూలి పదిమంది పోయారు. మరుసటి ఏడాది నాసా పెట్టిన సదస్సు నుంచే సిబ్బందికి ఒకరి మాట ఒకరు వినడం నేర్పే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ పుట్టింది. ఇవాళ ప్యానెల్ అడిగే కెప్టెన్ ప్రశ్నకు, గ్రూప్ ఎక్సర్‌సైజ్‌లో ఎవరు ఎవరి మాట వింటున్నారని మూలన కూర్చుని రాసుకునే పరిశీలకులకు మూలం అక్కడుంది.

ఇదంతా విని కుర్రాడు అన్నమాట: “మామయ్యా, నువ్వు బట్టీ వద్దంటావు. ఇంజన్‌లో మంటలొస్తే నేను ఆలోచిస్తూ కూర్చోవాలా? చెయ్యి దానంతటది వెళ్లాలి. అది బట్టీ కాకపోతే ఏంటి?”

నిజమే. పైలట్ వృత్తిలో మెమరీ ఐటమ్స్ అనేవి ఉన్నాయి. చెక్‌లిస్టు తీసే వ్యవధి లేని ఆపదల్లో అక్షరం పొల్లుపోకుండా చేయాల్సిన పనులవి. మాటలకూ అంతే. 1990 జనవరి 25న న్యూయార్క్‌కు వస్తూ దారిలో గంటకు పైగా చక్కర్లు కొట్టిన అవియాంకా 52 విమాన సిబ్బంది ఇంధనం అయిపోతోందని కంట్రోలర్లకు చెప్పారు. ‘ఎమర్జెన్సీ’ అన్న మాట మాత్రం అనలేదు. ఇంధనం నిండుకుని కూలిన ఆ 707లో 73 మంది చనిపోయారు. 2012 నుంచి ఇలాంటి వేళ అనాల్సిన ‘మేడే ఫ్యూయల్’ అన్న మాట అంతర్జాతీయ నిబంధనల్లోకే ఎక్కింది. గొంతు తడారిపోయినప్పుడు సొంత మాటలు దొరకవు. నూరిపోసిన మాటే బయటికి వస్తుంది.

మరి కాదనడం మాత్రం ఎందుకు మినహాయింపు కావాలి? దానికీ మెట్లున్నాయి. మొదట అడగడం: ‘కెప్టెన్, మనం హై ఉన్నాం కదా?’ తర్వాత హెచ్చరించడం: ‘అన్‌స్టేబుల్’. తర్వాత ఎదురు నిలవడం: ‘గో ఎరౌండ్’. అప్పటికీ కదలకపోతే ‘ఐ హావ్ కంట్రోల్’ అని చేతిలోకి తీసుకోవడం. ఏ ఎత్తులో విమానం కుదురుగా లేకపోతే దిగకూడదో, వెయ్యి అడుగులా, ఐదొందలా అన్నది సంస్థల రూల్‌బుక్కుల్లో రాసే ఉంటుంది. ఈ నాలుగు మెట్లూ ఎక్కాల్లా నోటికి రావాలి. ఈ కాలమ్ ఏళ్లుగా తిడుతూ వచ్చిన బట్టీకి ఇక్కడ చోటుంది, అదీ గౌరవప్రదమైన చోటు.

అయితే ఆ చోటు పీడీఎఫ్ ఆఖరి పేజీలకు లేదు. ఆ అరువు కథకు ప్యానెల్ రెండు ప్రశ్నలు అదనంగా వేస్తే చాలు: అప్పుడు మీ ఎత్తు ఎంత, కెప్టెన్ ఒప్పుకోకపోయి ఉంటే తర్వాత ఏం చేసేవారు? సొంత అనుభవమైతే జవాబు తడుముకోకుండా వస్తుంది. కుర్రాడు తన లాగ్‌బుక్ తిరగేస్తే అలాంటిది దొరికింది, చిన్నదే. ఒక రాత్రి కెప్టెన్ వేరే రన్‌వేకు లెక్కలు వేస్తుంటే ఆపి, మళ్లీ వేయించాడు. మెచ్చుకోళ్లేమీ లేవు, కాస్త విసుక్కున్నారట కూడా. ప్యానెల్ ముందు చెప్పాల్సింది ఆ విసుగుతో సహా. దాన్ని గట్టిగా, పైకి, రోజూ చెప్పుకోమని కాలమిస్టు సలహా.

మన దగ్గర విమానం నేర్చుకునే పిల్లలకు కాదనే ఈ సాధన ఇంకా ముందే మొదలు కావాలి. కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన 200 గంటల్లో చాలా భాగం ఇన్‌స్ట్రక్టర్ పక్కనో, ఆయన కనుసన్నల్లోనో గడుస్తాయి. నెలకోసారైనా ఆయన కావాలనే ఒక తప్పు చేసి, విద్యార్థి నోరు విప్పేదాకా ఆగాలి. విప్పకపోతే ఆ పాఠం మళ్లీ చెప్పాలి. విప్పితే, ల్యాండింగ్‌కు వేసినట్టే దానికీ మార్కులు వేసి ప్రోగ్రెస్ రికార్డులో రాయాలి. దుబాయ్ ప్యానెల్ అడిగేనాటికి చెప్పుకోవడానికి ఆ పిల్లల దగ్గర సొంత సంగతులు బోలెడు ఉంటాయి.