ముందుమాట: టీకా జాడ, రోగం జాడ

గాలికుంటు టీకా వేసిన ఆవు రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి. గాలికుంటు వచ్చి తగ్గిన ఆవు రక్తంలోనూ ఉంటాయి. ఆ రెండింటినీ ఒకే పాకలో కట్టేస్తే ఏది టీకాతో గట్టిపడిందో, ఏది రోగం పడి లేచిందో మామూలు రక్తపరీక్ష చెప్పలేదు. పశురోగాల నివారణలో ఇంతటి చిక్కుముడి మరొకటి నేను చూడలేదు. దాన్ని పాడి పెట్టుకున్నవాళ్లకు అర్థమయ్యే తెలుగులో విప్పి చెప్పిన ఈ పుస్తకానికి ముందుమాట రాయమంటే సంతోషంగా ఒప్పుకున్నాను.

రచయిత్రి మా ఖరగ్‌పూర్ పిల్ల. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు మావి. నింపురాలో, మథురాకాటిలో ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ఆఫీసులో బెంగాలీ. టీకాల శిబిరంలో ప్రాణిబంధు, అంటే పశువులకు టీకాలు వేసే కార్యకర్త, చెప్పేది మా ముసలమ్మలకు సగమే చెవికెక్కుతుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అలాంటి చోట ఆవుకు ఎందుకు రక్తం తీస్తున్నారో తెలుగులో చదువుకునే వీలు ఉండాలి. ఆ లోటు ఈమె తీర్చింది.

వైరస్ సంగతి చెప్పడానికి ఈమె మన వర్క్‌షాపునే తీసుకుంది. పని పూర్తయిన వ్యాగన్ గేటు దాటి వెళ్లిపోతుంది, పనిముట్లు షాపులోనే ఉంటాయి. గాలికుంటు వైరస్ పశువు కణంలోకి దూరి తనను తాను పెంచుకునేటప్పుడు కొన్ని ప్రొటీన్లను పనిముట్లుగా చేసుకుంటుంది. తయారైన వైరస్ పైతొడుగులో అవి ఉండవు. టీకా కోసం వైరస్‌ను కణాల్లో పెంచి, చంపి, ఆ పనిముట్లు మిగలకుండా శుద్ధి చేస్తారు. అందుకని టీకా పడ్డ ఆవు పైతొడుగు మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. రోగం సోకిన ఆవు పనిముట్ల మీద కూడా తయారుచేస్తుంది. వాటి జాడ దొరికిందంటే ఆ ఒంట్లో షాపు నడిచినట్టే. మన దేశంలో ఈ పరీక్షకు 3ఏబీ3 అనే ప్రొటీన్‌ను వాడతారు. 96 గుంటల ప్లేటులో దాన్ని అంటించి, గడ్డిరంగు సీరం చుక్క వేసి, కడిగి, రంగు మందు పోస్తారు. యాంటీబాడీ అంటుకున్న గుంటలోనే రంగు తేలుతుంది. ఓ, ఏ, ఏషియా-1 రకాల్లో ఏది సోకినా ఈ ఒక్క పరీక్షే సరిపోతుంది. ఇదంతా వివరించిన నాలుగు పేజీలూ నిదానంగా చదవమని పాఠకులకు నా మనవి.

ఇలాంటి పరీక్ష లేని కాలం ఎలా ఉండేదో మా తరానికి తెలుసు. ముసర వ్యాధి టీకా దివ్యంగా పనిచేసేది. కానీ టీకా పడ్డ పశువుకీ రోగం వచ్చి బతికిన పశువుకీ రక్తంలో తేడా దొరికేది కాదు. దేశంలో రోగం పోయిందని రుజువు చెయ్యాలంటే ముందు టీకా ఆపాలి, ఆ తర్వాత పుట్టిన దూడల రక్తం చూడాలి. ఆ తెగువ చేశాం. 2006లో మన దేశానికి ముసర లేదన్న గుర్తింపు వచ్చింది, 2011లో ప్రపంచమే ఆ రోగం నుంచి బయటపడింది. గాలికుంటుకు ఆ దారి కుదరదు. టీకా బలం ఆరు నెలలకే సన్నగిల్లుతుంది, రోగం గాలిలోనూ, సంతకు తోలిన పశువు వెంటా వస్తుంది. టీకా ఆపితే మందంతా మంచానపడుతుంది. టీకా వేస్తూనే రోగాన్ని వెతకాలి. ఈ పరీక్ష మీద ఇంకా నమ్మకం కుదరని 2001లో బ్రిటన్ గాలికుంటును అణచడానికి 60 లక్షలకు పైగా పశువులను చంపింది. అదే ఏడు నెదర్లాండ్స్‌లో టీకా వేసిన పశువులను కూడా తర్వాత వధించారు. ఈ పరీక్ష మీద నమ్మకం కుదిరాకే, టీకా వేసిన పశువును బతకనిచ్చే దారి అంతర్జాతీయ నియమాల్లో గట్టిపడింది. ఒక్క ఆవు పాల మీద ఇల్లు నడిచే మన దేశంలో ఆ దారి ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. 2019 సెప్టెంబరులో మథురలో మొదలైన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమంలో టీకాలతో పాటు ఈ రక్తపరీక్షలూ ఉండడం నాకు నచ్చిన విషయం.

పరీక్ష ఏం చెప్పలేదో కూడా రచయిత్రి దాచకుండా రాసింది. అందుకే ఈ పుస్తకాన్ని ఎక్కువగా మెచ్చుకుంటున్నాను. ఫలితం మందకు వర్తిస్తుంది, ఒక్క ఆవు మీద తీర్పు కాదు. సరిగా శుద్ధి కాని టీకా పదేపదే పడితే రోగం లేకపోయినా రంగు తేలవచ్చు. టీకా బలంగా ఉన్న ఆవుకు రోగం స్వల్పంగా సోకితే రంగు రాకపోవచ్చు. రోగం పోయి నెలలు గడిచినా రంగు తేలుతుంది. ఇది తెలియక, ఫలితం రాగానే ఆవును రాత్రికి రాత్రే బేరగాడికి తోలేసేవాళ్లు ఉన్నారు. ఆ ఆవు గొంతులో వైరస్ ఇంకా ఉందో లేదో ఎవరికీ తెలియదు, కానీ అది ఎక్కిన లారీ మాత్రం ఇంకో జిల్లాకు పోతుంది. అమ్మకండి, కొత్త పశువును తేకండి, టీకా తప్పించకండి, డాక్టరుకు చెప్పండి అని ఈమె రాసిన నాలుగు మాటలను ప్రతి పాక గోడ మీదా అంటించాలి.

హౌరా నుంచి మన ఊళ్లకు వెళ్లే రైళ్లు ఖుర్దా రోడ్డు మీదుగా పోతాయి. ఆ స్టేషనుకు దగ్గరే, జట్నీ పక్క ఆరుగూల్‌లో గాలికుంటు జాతీయ సంస్థ ఉంది. సెలవులకు ఊరెళ్లే మన పిల్లల్లో ఒకరిద్దరైనా ఆ గేటు లోపలికి చదువుకోవడానికి వెళ్లాలని నా ఆశ.

మలి ముద్రణకు ఒక కోరిక. మేకల పారుడు రోగం గురించి ఒక అధ్యాయం చేర్చు తల్లీ. మనం వాడే సుంగ్రీ 96 టీకాకు ఇప్పటికీ టీకాకూ రోగానికీ తేడా చూపే గుణం లేదు, 2030 నాటికి ఆ రోగాన్ని ప్రపంచం నుంచి తుడిచేయాలన్నది లక్ష్యం. ముసర నాటి చిక్కే మళ్లీ ఎదురవుతోంది. మన రైల్వే గేట్ల పక్కన మేకలు మేపుకునేవాళ్లకు అది కూడా నువ్వే చెప్పాలి.

ఖరగ్‌పూర్