పాత కంప్యూటర్ పత్రికలు: వెతకడం, సరిచూసుకోవడం, దాచడం

బైట్ పత్రిక 1981 ఆగస్టు సంచిక అట్ట మీద రంగురంగుల బెలూన్ ఎగురుతుంటుంది. బొమ్మ రాబర్ట్ టిన్నీది. లోపల స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద వరసగా వ్యాసాలు. ఇప్పుడు మనం వాడే విండోలు, మెనూలు ఎలా రూపు దిద్దుకున్నాయో తెలుసుకోవాలనుకునేవాళ్లకు అంతకన్నా మంచి చదువు తక్కువ. కామవరపుకోటలో కూర్చున్న విద్యార్థి కూడా ఆ సంచికను నెట్ గ్రంథాలయమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు.

అయితే పత్రిక పేరొక్కటే కొట్టి వెతికితే చాలా సంచికలు కనపడకపోవచ్చు. ఎక్కించినవాళ్లు ఒకరు నెల పేరు రాస్తారు, ఇంకొకరు సంపుటి సంఖ్య వేస్తారు. అందుకే ఏడాది, నెల, సంపుటి మార్చి మార్చి వెతకాలి. వ్యాసం పేరు గుర్తుంటే, పుస్తకాల లోపలి పాఠంలో వెతికే సదుపాయం ఆర్కైవ్‌లోనే ఉంది. మూతపడిన సైట్ల పాత చిరునామా దొరికితే, వెబ్ పేజీల పాత రూపాలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడాలి. 1976లో మొదలైన డాక్టర్ డాబ్స్ జర్నల్ లాంటి వాటికి ఈ దారి బాగా పనికొస్తుంది. 1984లో క్లాస్ పథకం కింద మన దేశంలోని బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ గురించి కావాలంటే, దాన్ని తయారుచేసిన అకార్న్ కంపెనీ కంప్యూటర్ల పత్రిక అకార్న్ యూజర్ పాత సంచికలు తిరగెయ్యాలి.

ఆ రోజుల్లో పత్రికలు ప్రోగ్రాములను వరస వరసగా అచ్చువేసేవి, పాఠకులు వాటిని టైపు చేసుకునేవారు. ఒక్క కామా తప్పినా ప్రోగ్రాం నడవదు. కంప్యూట్ పత్రికల సంస్థ 1983లో దీనికో ఉపాయం తెచ్చింది. ప్రతి వరసకూ ఒక సంఖ్య అచ్చువేసేది. మీరు టైపు చేసిన వరసకు తెర మీద అదే సంఖ్య వస్తే సరిగ్గా కొట్టినట్టు. చెక్‌సమ్ అనే ఆ పద్ధతే ఈనాటి డౌన్‌లోడ్‌కూ రక్ష. ఆర్కైవ్‌లో ప్రతి సంచికతోపాటు ఉండే ఫైళ్ల జాబితాలో ఎండీ5, షా1 అనే సంఖ్యలుంటాయి. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో మీరు దించుకున్న ఫైలుకూ అదే సంఖ్య వస్తే, మధ్యలో ఏమీ చెడలేదని అర్థం. నెట్ పదేపదే తెగే ఊళ్లలో ఈ అలవాటు తప్పనిసరి అంటాను.

అయితే సంఖ్య కలిసినంత మాత్రాన ఫైలు మంచిదని కాదు, అక్కడున్నదే ఇక్కడికి వచ్చిందని మాత్రమే. వందల పేజీల స్కాన్ సాధారణంగా పదుల ఎంబీలుంటుంది. ఒకటి రెండు ఎంబీలే చూపిస్తే అనుమానించండి. పీడీఎఫ్ అని చెప్పి ఈఎక్స్ఈ ప్రోగ్రాం ఇస్తే, పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఇస్తే, చదవడానికి మా యాప్ వేసుకోమంటే వదిలెయ్యండి. అసలు ప్రమాదం పత్రికలతో ఇచ్చిన సీడీల్లో ఉంది. పీసీ క్వెస్ట్, డిజిట్ పత్రికల సీడీల కోసం నెట్ అరుదైన రోజుల్లో మనవాళ్లు ఎంత ఎదురుచూశారో! వాటి కాపీలు దొరికితే నేరుగా నడపకుండా ముందు వైరస్‌లు వెతికే సైటు వైరస్‌టోటల్‌లో పరీక్షించి, తర్వాత అసలు కంప్యూటర్ నుంచి వేరుగా నడిచే వర్చువల్ మెషీన్‌లో తెరవాలి.

హక్కుల సంగతీ మరవకూడదు. మన చట్టంలో రచయిత కాలం చేశాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. చదువుకోవడం వేరు, పెన్‌డ్రైవ్‌లో నింపి అమ్మడం వేరు.

నాకు బెంగంతా తెలుగు పత్రికల మీదే. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యాన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో స్కాన్ అయ్యాయి. మరి పత్రికల సంగతి? నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో వచ్చిన కంప్యూటర్ ఎరా లాంటి పత్రికలు ఇంగ్లీషు రాని ఎందరికో తొలి పాఠాలు చెప్పాయి. వాటి కాపీలు ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలో అటకల మీద ఉండొచ్చు. పాత పేపర్ల కొట్టుకు కిలోల లెక్కన వేసే ముందు ఒకసారి చూడండి. దొరికితే అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలతో సహా, 300 డీపీఐలో స్కాన్ చేసి, ఫైలు పేరులో పత్రిక, ఏడాది, నెల రాయండి. నెట్‌లో పెట్టే ముందు ప్రచురణకర్తను అడగండి.